రూటర్ అడాప్టర్ మార్చాలి: కంపెనీదా, కొట్లోదా, మినీ యూపీఎస్సా?

విశాఖపట్నం ఆరిలోవలో మా పిన్ని వాళ్లిల్లు కొండ మొదట్లో ఉంటుంది. ఇంట్లో ఫోను ఎక్కడ పెట్టినా సిగ్నల్ ఒక గీత, మహా అయితే రెండు. అందుకని మేడ మీద గదిలో, కిటికీ గట్టు మీద, సిమ్ వేసుకునే 4జీ రూటర్ ఒకటి పెట్టుకున్నారు. మూడేళ్లు బాగానే నడిచింది. ఈ వేసవి నుంచి సాయంత్రమయ్యేసరికి నెట్ పోవడం, రెండు నిమిషాలకి తిరిగి రావడం మొదలైంది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే టవర్ దగ్గర పని జరుగుతోందన్నారు. తర్వాత సిమ్ మార్పించారు. ఆఖరికి రూటరే పాతబడింది, కొత్తది తీసుకోమన్నారు. "ఒరే, మూడువేలు తగలేసేముందు నువ్వొకసారి వచ్చి చూసిపోరా" అని పిన్ని ఫోన్ చేసింది. వెళ్లి చూస్తే రూటర్ నిక్షేపంగా ఉంది. పోయింది అడాప్టర్.

దాని బదులు ఏది కొనాలా అని నాలుగు చోట్ల తిరిగాను. మధ్యలో రెండు తప్పులు కూడా చేశాను. మీకూ ఇలాంటి పెట్టె ఉంటే ఆ తప్పులు మీరు చెయ్యక్కర్లేదు.

ముందు రోగం ఎక్కడో తేల్చుకోండి

నెట్ పోయినప్పుడు రూటర్ దీపాలు చూడండి. అన్నీ ఒక్కసారిగా ఆరిపోయి మళ్లీ ఒక్కొక్కటే వెలుగుతుంటే రూటర్ రీస్టార్ట్ అవుతోందన్నమాట. పవర్ దీపం స్థిరంగా ఉండి, సిగ్నల్ దీపం మాత్రమే రంగు మారితే తప్పు టవర్ వైపుది. దాపున ఉండి చూసే ఓపిక లేకపోతే ఇంకో దారి ఉంది. చాలా రూటర్లలో సెట్టింగ్స్ పేజీలో ‘అప్‌టైమ్’ అని ఒక లెక్క కనిపిస్తుంది, అంటే ఆన్ అయి ఎంతసేపైందో. పొద్దున చూసినప్పుడు పది గంటలు ఉన్నది సాయంత్రం నెట్ పోయి వచ్చాక మూడు నిమిషాలు అని చూపిస్తే, ఇక కస్టమర్ కేర్‌తో వాదించి లాభం లేదు. కరెంటు సరిగ్గా అందడం లేదు.

స్విచ్ బోర్డు వదులుగా ఉన్నా ఇలాగే అవుతుంది కాబట్టి, ప్లగ్గు ఇంకో సాకెట్‌లో పెట్టి ఒక రోజు చూడండి. మన ఊరి గాలి సంగతి తెలిసిందే. లాసన్స్ బే, పెదవాల్తేరు వైపు ఇళ్లలో పిన్నుల మీద పచ్చగా కిలుము పట్టి ఉండటం నేను చాలాసార్లు చూశాను. పొడిగుడ్డతో తుడిస్తే కొన్నాళ్లు గడుస్తుంది. ప్లాస్టిక్ మీద గోధుమరంగు మచ్చ, కాలిన వాసన, సన్నగా కీచుమనే చప్పుడు, వీటిలో ఏదున్నా పరీక్షలు మాని అడాప్టర్ తీసెయ్యండి.

మల్టీమీటర్ ఉన్నవాళ్లకి ఒక హెచ్చరిక. రూటర్ నుంచి పీకేసి, ఒట్టి పిన్ను దగ్గర కొలిస్తే చచ్చిపోతున్న అడాప్టర్ కూడా 12 వోల్టులు చూపిస్తుంది. పిన్ని వాళ్లది 12.1 చూపించింది. బరువు పడినప్పుడే, అంటే రూటర్ కరెంటు లాగుతున్నప్పుడే, దాని అసలు రంగు బయటపడుతుంది. లోపల కరెంటుని నిలకడగా ఉంచే కెపాసిటర్లు ఏళ్ల తరబడి వేడికి ఎండిపోతాయి. వాటి చుట్టూ వేడి పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుందని ఎలక్ట్రానిక్స్ వాళ్లు ఒక మోటు లెక్క చెబుతారు. పడమటి ఎండ కొట్టే కిటికీ దగ్గర మూడేళ్లు బతకడమే గొప్ప.

సిగ్నల్ తక్కువున్న ఇంట్లో అడాప్టర్‌కే పని ఎక్కువ

ఇది తెలియకపోతే తప్పు అడాప్టరే కొంటారు. మామూలు ఫైబర్ రూటర్‌కి తీగలో సిగ్నల్ వస్తుంది. సిమ్ రూటర్ మాత్రం టవర్‌తో తానే మాట్లాడాలి. టవర్ దగ్గరుంటే గుసగుసలాడితే చాలు, కొండ అడ్డముంటే అరవాలి. టవర్ కూడా ‘గట్టిగా పంపు’ అని దానికి ఆదేశమిస్తూనే ఉంటుంది. 4జీ పరికరం గాల్లోకి పంపే బలం మామూలుగా 200 మిల్లీవాట్ల దాకా పోతుంది. అది పుట్టించడానికి లోపలి యాంప్లిఫయర్ అంతకు ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. దానికి తోడు అదే సమయంలో వైఫై మీద నలుగురుంటే అడాప్టర్ మీద ఒత్తిడి గబుక్కున పెరుగుతుంది. పాతబడిన అడాప్టర్ ఆ క్షణంలో వోల్టేజీ నిలబెట్టలేక కిందికి జారుతుంది, రూటర్ రీస్టార్ట్ అవుతుంది. పిన్ని వాళ్లింట్లో సాయంత్రాలే ఎందుకు పోయేదో అప్పుడర్థమైంది. మనవడు వీడియో క్లాసులో కూర్చునేది అప్పుడే.

కాబట్టి ఆరిలోవ, అడవివరంలాంటి కొండ నీడ చోట్ల, కింది అంతస్తుల ఫ్లాట్లలో ఉండేవాళ్లు చవక అడాప్టర్‌తో సర్దుకోవడం కష్టం. అదే అడాప్టర్ టవర్ ఎదురుగా ఉన్న ఇంట్లో హాయిగా పనిచేస్తుంది. ‘మా ఇంట్లో బాగానే నడుస్తోందిగా’ అని చుట్టాలు చెప్పే సలహా మనకి అందుకే పనికిరాదు.

లేబుల్ మీద చూడాల్సినవి

పాత అడాప్టర్ తిరగేస్తే ‘అవుట్‌పుట్’ దగ్గర రెండంకెలు ఉంటాయి, వోల్టులు ఒకటి, యాంప్స్ ఒకటి. వోల్టులు అచ్చంగా కలవాలి. 12 ఉంటే 12, 9 ఉంటే 9, 5 ఉంటే 5. ఇందులో బేరాల్లేవు. యాంప్స్ మాత్రం సమానంగా గానీ ఎక్కువగా గానీ ఉండాలి. ‘1 యాంప్ రూటర్‌కి 2 యాంప్స్ అడాప్టర్ పెడితే కాలిపోదా’ అని చాలామంది భయపడతారు. కాలిపోదు. మేడ మీద వెయ్యి లీటర్ల ట్యాంకు ఉందని కుళాయి బద్దలవుతుందా? రూటర్ తనకి కావలసినంతే లాక్కుంటుంది. ఎక్కువ యాంప్స్ అడాప్టర్ చల్లగా కూడా ఉంటుంది.

మూడోది పోలారిటీ, అంటే పిన్నులో ప్లస్ ఎటు, మైనస్ ఎటు అన్నది. మధ్యలో చుక్క, చుట్టూ అర్ధచంద్రం ఉన్న చిన్న బొమ్మ ఉంటుంది. చుక్కకి ప్లస్ కలిపి ఉంటే పిన్ను లోపలి భాగం ప్లస్ అని అర్థం. ఎక్కువ రూటర్లు ఇలాగే ఉంటాయి. తిరగబడితే రూటర్ ప్రాణానికే ముప్పు.

నాలుగోది పిన్ను సైజు. నేను బోల్తాపడింది ఇక్కడే. బయటి కొలత 5.5 మిల్లీమీటర్లు ఉన్న పిన్నుల్లో లోపలి రంధ్రం 2.1 ఉన్నవి, 2.5 ఉన్నవి రెండు రకాలు. పైకి కవలపిల్లల్లా ఉంటాయి. రూటర్‌ది 2.1 అయితే 2.5 పిన్ను కూడా దూరుతుంది, దీపాలు వెలుగుతాయి, కానీ లోపల వదులు. తలుపు గట్టిగా వేస్తే చాలు నెట్ పోతుంది. నేను తెచ్చిన మొదటి అడాప్టర్ సరిగ్గా ఇదే. అది వెనక్కి పట్టుకెళ్తే డాబాగార్డెన్స్‌లో కొట్టాయన నవ్వాడు. "ఏటి బాబూ, పాతది తేకుండా పిన్ను నోటితో చెప్తే ఎలాగండీ" అన్నాడు. పాత అడాప్టర్‌ని, కుదిరితే రూటర్‌ని కూడా సంచిలో వేసుకెళ్లండి.

ఇంట్లో డబ్బాలో ఉన్నవి

ప్రతి ఇంట్లోనూ బిస్కెట్ డబ్బా ఒకటుంటుంది, దాన్నిండా అనాథ అడాప్టర్లు. నేనూ ముందు అందులోనే వెతికాను. పాత ఇంటర్నెట్ మోడెమ్‌ది 9 వోల్టుల అడాప్టర్ దొరికింది. పెడితే రూటర్ వెలిగింది! పిన్ని సంతోషించింది. అరగంటకి బిగుసుకుపోయింది. దీపం వెలిగితే సరిపోయినట్టు కాదు. సెట్‌టాప్ బాక్స్ అడాప్టర్లలో 12 వోల్టులు, 1.5 యాంప్స్‌వి ఉంటాయి, పిన్ను కలిస్తే పరీక్ష కోసం ఒక పూట వాడుకోవచ్చు. ల్యాప్‌టాప్ ఛార్జర్ జోలికి మాత్రం పోవద్దు. అవి 19, 20 వోల్టులు ఇస్తాయి.

బరువుగా ఇటుకలా ఉండే పాతకాలం ట్రాన్స్‌ఫార్మర్ అడాప్టర్ కనిపిస్తే అది కూడా వద్దు. వాటిలో చాలావాటికి వోల్టేజీ అదుపు ఉండదు. పైన 12 అని రాసున్నా బరువు లేనప్పుడు 16 దాకా ఎక్కుతుంది.

అమెరికా నుంచి పిల్లలు తెచ్చినవి ఈ ఊళ్లో తక్కువేం కాదు కాబట్టి ఒక మాట. ‘ఇన్‌పుట్’ దగ్గర 100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటే ఇక్కడ వాడుకోవచ్చు, ప్లగ్గుకి కన్వర్టర్ పెట్టుకుంటే చాలు. ఒట్టి 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని ఉంటే మన 230కి పెట్టగానే పోతుంది. అక్కడి కంపెనీలు ఇంట్లో సిగ్నల్ కోసం ఇచ్చే ఫెమ్టోసెల్ పెట్టెలు కూడా కొందరు పట్టుకొస్తారు. వాటికి అడాప్టర్ వెతకడం దండగ. అవి ఇంటి ఇంటర్నెట్ గుండా ఆ కంపెనీ సొంత నెట్‌వర్క్‌కే కలిసేవి, ఆ కంపెనీ సిమ్‌లకే పనిచేసేవి. ఇక్కడ వాటికి పని లేదు.

కంపెనీదా, కొట్లోదా

రూటర్ వారంటీలో ఉంటే ఆలోచనే వద్దు, కంపెనీదే తీసుకోండి. వేరే అడాప్టర్ పెట్టారని తర్వాత పేచీ పెట్టే అవకాశం వాళ్లకి ఇవ్వకూడదు. వారంటీ దాటితే కథ మారుతుంది. రూటర్ పెట్టెతో వచ్చిన అడాప్టర్ విడిగా దొరకడమే కష్టం. ఆన్‌లైన్‌లో ‘ఒరిజినల్’ అని అమ్మేవాటిలో స్టిక్కర్ మాత్రమే ఒరిజినల్ అయినవి ఉంటాయి. దొరికినా అది కూడా 1 యాంప్‌దే కావచ్చు. పిన్ని వాళ్ల పాతది అదే.

కొట్లో అడిగేటప్పుడు ‘రూటర్ అడాప్టర్’ అంటే చేతికి ఏదొస్తే అది ఇస్తారు. మీ లేబుల్ మీది అంకెలు చెప్పి అడగండి, మాదైతే ‘12 వోల్టులు, 2 యాంప్స్, సన్న రంధ్రం (2.1) పిన్ను’. సీసీ కెమెరాలకి వాడేది కూడా ఇదే కాబట్టి డాబాగార్డెన్స్‌లోనే కాదు, గాజువాక కొట్లలోనూ దొరుకుతుంది. అయితే 2 యాంప్స్ అని ముద్ర వేసినంత మాత్రాన లోపల అంత సరుకు ఉందని నమ్మలేం. ఇలాంటి అడాప్టర్లకి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. లేబుల్ మీద ఐఎస్ 13252 అనో, ఐఎస్/ఐఈసీ 62368 అనో ఉండి, పక్కనే ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే ఎనిమిదంకెల నంబరు ఉండాలి. ఫోన్‌లో ‘బీఐఎస్ కేర్’ యాప్ తెరిచి ఆ నంబరు కొట్టండి. తయారీదారు పేరు, వస్తువు పేరు వస్తాయి. మొబైల్ ఛార్జర్‌కి తీసుకున్న నంబరు రూటర్ అడాప్టర్ మీద ముద్రించే ఘనులు కూడా ఉంటారు కాబట్టి పేరు కలిసిందో లేదో చూడండి. కొట్లో నిలబడే చూడొచ్చు, రెండు నిమిషాల పని. నేను చూస్తుంటే కొట్టాయన మొదట తీసిన అడాప్టర్ లోపల పెట్టేసి ఇంకోటి తీశాడు. దాంతోనే విషయం తెలిసిపోయింది.

రెండో అడాప్టర్‌కి 350 రూపాయలు, బిల్లుతో. మొదట చూపించినది 150. ఆ రెండొందల తేడా దగ్గర బేరమాడొద్దనే నేను చెబుతాను.

యూఎస్‌బీ తీగలు

జేబులో పట్టే చిన్న హాట్‌స్పాట్ అయితే సులువు. అది 5 వోల్టులదే, మంచి ఫోన్ ఛార్జర్ 2 యాంప్స్‌ది సరిపోతుంది. కాకపోతే రోజంతా ఛార్జింగ్‌లోనే ఉంచితే లోపలి బ్యాటరీ ఉబ్బొచ్చు, నెలకోసారి వెనక మూత తీసి చూసుకోండి.

12 వోల్టుల రూటర్‌ని పవర్ బ్యాంక్‌తో నడిపే తీగలు కూడా అమ్ముతున్నారు. 5ని 12కి పెంచే రకం తీసుకుంటే లెక్క ఇదీ: 5 వోల్టులు, 2 యాంప్స్ అంటే 10 వాట్లు. మార్చడంలో కొంత పోగా 12 వోల్టుల దగ్గర మిగిలేది 0.7 యాంప్ చుట్టూ. కొండ నీడ ఇంటికి అది చాలదు. టైప్-సి పీడీ (పవర్ డెలివరీ) ఛార్జర్‌తో వాడే తీగల్లో ఇంకో కిటుకు ఉంది. పీడీలో మామూలుగా ఉండే మెట్లు 5, 9, 15, 20 వోల్టులు. 12 ఇవ్వడం ఛార్జర్ ఇష్టం. ఛార్జర్ మీద 12 అని అచ్చై లేకపోతే ఆ తీగ 9 ఇచ్చి ఊరుకోవచ్చు. అప్పుడు మనం మళ్లీ బిస్కెట్ డబ్బా దగ్గరికే వచ్చినట్టు. కరెంటు పోయినప్పుడు గంటసేపు గడవడానికైతే సరే, శాశ్వతంగా మాత్రం నేను పెట్టను.

మినీ యూపీఎస్ ఎవరికి

అడాప్టర్ పోయిందని కొట్టుకెళ్తే చాలామంది మినీ యూపీఎస్ చేతిలో పెడతారు. కరెంటు పోయినప్పుడు రూటర్‌ని నడిపే చిన్న బ్యాటరీ పెట్టె అది, మంచి వస్తువే. కానీ అది అడాప్టర్‌కి బదులు కాదు. చాలా మోడళ్లకి కరెంటు అందించడానికి మళ్లీ మీ అడాప్టరే కావాలి. పైగా ఆ అడాప్టర్ ఇప్పుడు రూటర్‌ని నడుపుతూ బ్యాటరీ కూడా నింపాలి. 1 యాంప్‌ది పెడితే రెంటికీ చాలదు. అందుకే ముందు 2 యాంప్స్ అడాప్టర్ కొనండి, యూపీఎస్ ఆలోచన తర్వాత.

ఎన్ని గంటలు వస్తుందన్న దాంట్లో మోసపోకండి. డబ్బా మీద 8800 ఎంఏహెచ్ (మిల్లీయాంప్-గంటలు) అని ఉంటే అది లోపలి సెల్ లెక్క, 3.7 వోల్టుల దగ్గర. అంటే దాదాపు 32 వాట్-గంటలు. రూటర్ 8 వాట్లు తింటే, నష్టాలు పోను మూడు గంటల పైచిలుకు. అదే అంకెని 12తో గుణించి పన్నెండు గంటలొస్తుందని చెప్పే అమ్మకందారు నాకే తగిలాడు. అలాగే బ్యాటరీ తగ్గే కొద్దీ అవుట్‌పుట్ కూడా తగ్గిపోయే రకాలున్నాయి. 12 వోల్టులు చివరిదాకా నిలకడగా ఇస్తుందా అని అడిగి తీసుకోండి.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే ముందు రూటర్ ఉన్న సాకెట్ ఆ లైన్‌లో ఉందో లేదో చూడండి. పిన్ని వాళ్లింట్లో మేడ గది లైన్ ఇన్వర్టర్‌లో లేదు. ఎలక్ట్రీషియన్ వచ్చి మెట్ల దగ్గర నుంచి ఒక తీగ లాగాడు, యూపీఎస్ డబ్బులు మిగిలాయి. లైన్‌లో ఉండి కూడా కరెంటు పోగానే రూటర్ రీస్టార్ట్ అవుతుంటే, ఇన్వర్టర్ మీద యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో వెతకండి. ఆ మోడ్‌లో మారే వ్యవధి తక్కువ.

తుఫాను కోసమని పెద్ద యూపీఎస్ కొనేవాళ్లకి ఒక సంగతి గుర్తుచేస్తాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటాక ఇంట్లో బ్యాటరీలున్నవాళ్లకి కూడా ఫోన్లు మోగలేదు, టవర్లే మూగబోయాయి. మినీ యూపీఎస్ రెండు మూడు గంటల కోతలకే. ఉరుములప్పుడు దాన్ని నమ్ముకోకుండా ప్లగ్గు పీకెయ్యడం మేలు.

ముట్టుకోకూడనివి

మేడ మీద డబ్బా బిగించి గాల్లోంచి నెట్ అందుకునే ఎయిర్‌ఫైబర్ కనెక్షన్ అయితే, లాన్ తీగ (డబ్బా నుంచి కిందికి నెట్ తెచ్చే తీగ) మధ్యలో నల్లటి పెట్టె ఉండొచ్చు. అదే తీగలో కరెంటు కూడా పైకి పంపుతుంది. దాని వోల్టేజీ, పద్ధతి వేరు. 12 వోల్టుల అడాప్టర్ దానికి బదులు కాదు. సామాను కంపెనీదే అయినప్పుడు ఫిర్యాదు పెట్టి వాళ్లతోనే మార్పించుకోండి.

సిగ్నల్ బూస్టర్ అడాప్టర్ పోయిందని వెతుకుతున్నారా? ఆన్‌లైన్‌లో కొని గోడకి తగిలించుకునే మొబైల్ సిగ్నల్ బూస్టర్లు, రిపీటర్లు మన దేశంలో అనుమతి లేకుండా పెట్టుకోవడం చట్టవిరుద్ధం. అవి టవర్ల దగ్గర గోల పుట్టించి చుట్టుపక్కల ఇళ్ల కాల్స్ చెడగొడతాయి. అడాప్టర్ పోవడం మంచిదే అయింది. ఇంట్లో వైఫై ఉంటే ఫోన్‌లో వైఫై కాలింగ్ ఆన్ చేసుకోండి, చాలావరకు సరిపోతుంది.

ఇక కొత్త అడాప్టర్ ఇంటికి వచ్చాక మార్కర్‌తో దాని మీద ‘రూటర్, 12’ అని రాయండి. కిటికీ గట్టు మీద, కర్టెన్ వెనక కాకుండా గాలి తగిలేచోట పెట్టండి. పాతదాని తీగ కత్తిరించాకే పారెయ్యండి, లేకపోతే అది మళ్లీ బిస్కెట్ డబ్బాలోకి చేరుతుంది. నేను కత్తెర తీస్తే పిన్ని ఒప్పుకోలేదు, "దేనికైనా పనికొస్తుందిరా" అంది. పనికొచ్చింది కూడా. ఆ తీగ ముక్కతో పెరట్లో చిక్కుడు పాదుని కర్రకి కట్టింది.